భయం వేసినప్పుడు మనం పక్కవారి ముఖం ఎందుకు చూస్తాం?

తూర్పుగాలి రాశారు:

సభ్యులందరికీ నమస్కారం. కొన్ని వారాలుగా మనసులో నలుగుతున్న ఒక ప్రశ్నను మీ ముందు పెడుతున్నాను. ఈ మధ్య ఒక సమావేశ మందిరంలో దాదాపు రెండు వందల మందితో కలిసి ప్రసంగం వింటుండగా వైరు కాలిన వాసన వచ్చింది. మొదట సన్నగా, తరువాత కళ్ళు మండేంతగా వచ్చింది. అది ప్రమాదమని నాకు తెలుసు, లేచి చెప్పాలనీ తెలుసు. అయినా నేను చేసిందల్లా మెడ తిప్పి పక్కన కూర్చున్నవారి ముఖం చూడటమే. ఆయన నిశ్చింతగా వేదిక వైపు చూస్తున్నారు. వెనుక వరుసవారూ అలాగే ఉన్నారు. నేను కూడా ముఖాన అదే నిశ్చింత తెచ్చిపెట్టుకుని మళ్ళీ వేదిక వైపు తిరిగాను. ఆరేడు నిమిషాల తరువాత, ఆవరణ ఊడుస్తున్న ఒకామె లోపలికి వచ్చి, "ఏమిటండీ ఈ పొగ, మీకెవరికీ కనబడటం లేదా?" అని గట్టిగా అడిగేదాకా ఒక్కరూ కదలలేదు. ఆమె అడిగిన మరుక్షణం అందరూ ఒక్కసారిగా లేచి ఒకే తలుపు మీద పడ్డారు. ఆ మందిరానికి మరో రెండు తలుపులున్న సంగతి బయటికి వచ్చాక గాని నాకు గుర్తు రాలేదు.

ఎవరికీ ఏమీ కాలేదు. కానీ ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు అదే వాసన వస్తే క్షణం ఆగకుండా మెయిన్ స్విచ్ కట్టేసేవాణ్ణి. రెండు వందల మంది మధ్య నా బుద్ధి ఎక్కడికి పోయింది? దీన్ని పిరికితనం అనుకోవాలా, దీనికి మరేదైనా పేరుందా?

అక్షరదీపం రాశారు:

తూర్పుగాలి గారూ, మీరు అచ్చంగా ఒక ప్రసిద్ధమైన ప్రయోగంలో కూర్చుని వచ్చారు. 1968లో బిబ్ లటానే, జాన్ డార్లీ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రజ్ఞులు విద్యార్థులను ఒక గదిలో కూర్చోబెట్టి ప్రశ్నపత్రాలు నింపమని చెప్పి, గోడలోని రంధ్రం గుండా పొగ వదిలారు. గదిలో ఒంటరిగా ఉన్నవారిలో 75 శాతం మంది లేచి వెళ్ళి ఆ సంగతి చెప్పారు. ఏమీ పట్టనట్టు కూర్చోవాలని ముందే చెప్పి ఉంచిన ఇద్దరి మధ్య ఉన్నవారిలో మాత్రం 10 శాతం మందే చెప్పారు. మిగిలినవారు దగ్గుతూ, కళ్ళు నులుముకుంటూ, పొగను చేత్తో తోసుకుంటూ పత్రాలు నింపారు.

నన్ను ఎక్కువగా కదిలించిన విషయం ఆ తరువాతిది. ఎందుకు చెప్పలేదని అడిగితే, అది ఆవిరి అనుకున్నామనీ, గాలి యంత్రం నుంచి వచ్చిందనుకున్నామనీ రకరకాల కారణాలు చెప్పారు గాని, పక్కవారిని చూసి ఊరుకున్నామని ఒప్పుకోలేదు. వాళ్ళు అబద్ధం చెప్పారని నేను అనుకోను. పొగ ప్రమాదకరం కాదని వాళ్ళు నిజంగానే నమ్మారు. భయం వేసిన మనిషి ముందుగా వెతికేది అర్థాన్ని. ఆ అర్థాన్ని పొగలో వెతకకుండా ఎదుటివారి ముఖంలో వెతికాడు. ఎదుటివారు కూడా అదే సమయంలో ఇతని ముఖంలో వెతుకుతున్నారు. ప్రతి ఒక్కరూ లోపల కంగారుపడుతూ పైకి నిబ్బరంగా కనబడటం వల్ల, ఏ ఒక్కరికీ లేని నిశ్చింత అందరి మధ్యా పుట్టింది. కాబట్టి పిరికితనం అనే మాట ఇక్కడ సరిపోదు. పిరికివాడు పారిపోతాడు, మీరు కూర్చున్నారు.

పాతకాపు రాశారు:

అక్షరదీపం గారి మాట కాదనను. కానీ ఇది కథలో మొదటి సగమే. రెండో సగం తూర్పుగాలి గారి చివరి వాక్యాల్లో ఉంది: ఒక్క మాట వినగానే రెండు వందల మందీ ఒకే తలుపు మీద పడటం. గుంపులో చేరిన మనిషి తన వివేకాన్ని గుమ్మం బయట విడిచి వస్తాడని నేను చాలాకాలంగా నమ్ముతున్నాను. 1895లోనే గుస్తావ్ లె బాన్ అనే ఫ్రెంచి రచయిత, ఎంత నాగరికుడైనా గుంపులో కలిస్తే కొన్ని మెట్లు కిందికి దిగిపోతాడని రాశాడు. మన పెద్దలు గొర్రెదాటు అన్నదీ దీన్నే. ముందు గొర్రె బావిలో దూకితే వెనుకవీ దూకుతాయి. తొక్కిసలాటల్లో చనిపోయినవారిని చంపినది నిప్పు కాదు, నీరు కాదు, తోటి మనుషుల కాళ్ళు. దీన్ని మంద స్వభావం అనక ఏమనాలి?

అగ్నిమాపకం_విశ్రాంతం రాశారు:

నేను అగ్నిమాపక శాఖలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నాను. పాతకాపు గారితో గౌరవంగానే, కానీ గట్టిగా విభేదించాలి. "తొక్కిసలాట" అనే మాటలోనే ఒక నింద దాగి ఉంది. ఆ మాట వినగానే పిచ్చిపట్టిన జనం ఒకరినొకరు తొక్కుకుంటూ పరుగెత్తిన దృశ్యం కళ్ళ ముందుకు వస్తుంది. ఘోర ప్రమాదాలు ఎన్నింటిలోనో అలా పరుగెత్తే చోటే ఉండదు. చదరపు మీటరుకు ఆరేడుగురికి మించి జనం చేరినప్పుడు వాళ్ళు ఎవరి ఇష్టప్రకారం వారు కదలలేరు. ఎక్కడో వెనుక పుట్టిన చిన్న ఒత్తిడి నీటిలో అల పాకినట్టు ముందుకు పాకి వస్తుంది. చనిపోయేవారిలో అనేకమంది నిలబడే చనిపోతారు, ఎందుకంటే ఛాతీ విచ్చుకునేందుకు చోటు లేక ఊపిరి అందదు. వెనుకనున్నవారికి ముందు ఏం జరుగుతోందో తెలియదు, కాబట్టి వాళ్ళు మామూలుగానే నడుస్తుంటారు. ఆ మరణాలకు కారణం భయం కాదు, సమాచారం లేకపోవడం.

1989 ఏప్రిల్ 15న ఇంగ్లండులోని షెఫీల్డ్ నగరంలో, హిల్స్‌బరో ఫుట్‌బాల్ మైదానంలో ఇదే జరిగింది. అప్పటికే కిక్కిరిసి ఉన్న కటకటాల ఆవరణల్లోకి దారితీసే సొరంగమార్గాన్ని మూయకుండా, బయటి గేటును పోలీసులు తెరిపించారు. మొత్తం 97 మంది చనిపోయారు. తప్పు అభిమానులదేనని, తాగి వచ్చి తోసుకున్నారని ఏళ్ళ తరబడి ప్రచారం సాగింది. 2016లో విచారణ జ్యూరీ అభిమానుల ప్రవర్తన ఆ ప్రమాదానికి కారణం కాదని తేల్చింది. ఆ రోజు ఆ "మంద" ప్రకటన పలకలను ఊడబెరికి స్ట్రెచర్లుగా చేసి, స్పృహ లేనివారిని మోసుకుపోయింది. గొర్రెదాటు అనే మాట వాడే ముందు ఆ పలకలను ఒకసారి తలచుకోమని మనవి.

చిరుగంట రాశారు:

2022 అక్టోబరు 29న సియోల్‌లోని ఇటెవాన్ సందులో 159 మంది ప్రాణాలు పోవడానికి కారణమైన రద్దీ గురించి, ప్రమాదానికి మూడున్నర గంటల ముందే ఒక వ్యక్తి పోలీసులకు ఫోన్ చేసి, జనం నలిగిపోయేలా ఉన్నారని చెప్పారు. ఆ తరువాత మరికొందరు చేశారు. అంటే జనంలో వివేకం ఉంది, నోరు తెరిచి చెప్పింది కూడా. వినవలసినవారు వినలేదు.

పాతకాపు రాశారు:

హిల్స్‌బరో విషయంలో నా అవగాహన తప్పని ఒప్పుకుంటున్నాను. అగ్నిమాపకం గారు చెప్పినదాన్ని బట్టి చూస్తే, బాధితులను నిందించడానికి నేను వాడిన మాటలే ఆనాటి నిజమైన బాధ్యులకు ముసుగుగా ఉపయోగపడ్డాయి. కానీ ఒకే తలుపు సంగతికి జవాబు ఇంకా రాలేదు. మిగతా రెండు తలుపులూ ఎందుకు ఖాళీగా ఉన్నాయి?

అగ్నిమాపకం_విశ్రాంతం రాశారు:

మనిషి వచ్చిన దారినే వెళ్ళిపోవాలని చూస్తాడు. తెలిసిన దారి దూరమైనా, తెలియని దారి పక్కనే ఉన్నా అంతే. 2003 ఫిబ్రవరి 20న అమెరికాలోని రోడ్ ఐలండ్‌లో ఒక సంగీత క్లబ్బులో వేదిక మీద కాల్చిన బాణసంచా వల్ల గోడలకున్న స్పాంజి అంటుకుంది. దాదాపు అర నిమిషం దాకా వాయిద్యాలు ఆగలేదు. చాలామంది అది ప్రదర్శనలో భాగమనుకుని చూస్తూ నిలబడ్డారు. తరువాత ఎక్కువమంది తాము లోపలికి వచ్చిన ముందు ద్వారం వైపే వెళ్ళారు. నాలుగు ద్వారాలున్న ఆ కట్టడంలో ముందు ద్వారం దగ్గర మనుషులు ఒకరి మీద ఒకరు పడి ఇరుక్కుపోయారు. 100 మంది చనిపోయారు. మా వృత్తిలో నేర్చుకున్నది ఒకటే: జనం తొందరపడటం కన్నా జనం ఆలస్యం చేయడమే ఎక్కువమందిని చంపుతుంది. మొదటి నిమిషం పక్కవారి ముఖాలు చూడటానికి ఖర్చయితే, రెండో నిమిషంలో పరుగెత్తక తప్పదు. అప్పుడు ఆ పరుగును మాత్రమే చూసినవారు "భయంతో పిచ్చెత్తిపోయారు" అంటారు. పాతకాపు గారు రెండు సగాలన్నారు గాని, అది ఒకే కథ.

గడియారం రాశారు:

ఈ చర్చకు మరో వైపు చూపిస్తాను. ఇక్కడ ఎవరూ తెలివితక్కువగా ప్రవర్తించరు, అయినా అందరూ నష్టపోతారు. బ్యాంకు మునిగిపోతుందన్న పుకారు పుట్టినప్పుడు, అది అబద్ధమని నాకు కచ్చితంగా తెలిసినా, మిగిలినవారు నమ్మి డబ్బు తీసుకుంటారన్న అనుమానం ఉంటే చాలు, వరుసలో ముందు నిలబడటమే నాకు క్షేమం. పుకారు నిజం కావడానికి దాన్ని ఎవరూ నమ్మనక్కరలేదు, ఎదుటివారు నమ్ముతారని నమ్మితే చాలు. తన్ను తాను నిజం చేసుకునే ఈ జోస్యం గురించి సమాజ శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ 1948లో రాసినప్పుడు బ్యాంకునే ఉదాహరణగా తీసుకున్నాడు. 1973 డిసెంబరులో జపాన్‌లోని తొయొకావాలో ఒక చిన్న ఆర్థిక సంస్థ మీద జనం విరుచుకుపడ్డారు. పోలీసులు మూలం వెతుక్కుంటూ పోతే, అది రైల్లో కొందరు పాఠశాల బాలికల మధ్య సరదాగా సాగిన సంభాషణ దగ్గర తేలింది. ఇక 2023 మార్చి 9న అమెరికాలోని సిలికాన్ వ్యాలీ బ్యాంకు నుంచి ఒక్కరోజులో 4,200 కోట్ల డాలర్లు వెనక్కి తీసుకున్నారు. అక్కడ వరుస లేదు, తోపులాట లేదు, ఎవరి గదిలో వారు ఫోన్ పట్టుకుని కూర్చున్నారు. ఆ బ్యాంకు లెక్కల్లో నిజంగానే లోపాలున్నాయి గాని, అంత వేగంగా కూలిపోవడానికి మాత్రం భయమే కారణం. అంటే గుంపు కావడానికి ఇప్పుడు ఒకచోట చేరనవసరం లేదు.

ఒడ్డున_ఒకడు రాశారు:

చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గాని ఎప్పుడూ రాయలేదు. మీరంతా గుంపులో బాధితుల గురించి మాట్లాడుతున్నారు. నేను రెండో రకం గుంపులో ఉన్నాను.

అప్పుడు నాకు పందొమ్మిదేళ్ళు. పిల్లలను ఎత్తుకుపోయేవాళ్ళు తిరుగుతున్నారని వారం రోజులుగా ఫోన్లలో సందేశాలు వస్తున్నాయి. ఒక సాయంత్రం కేకలు వినబడి బయటికి వెళ్ళాను. ఒక మనిషిని చుట్టుముట్టి కొడుతున్నారు. అతనికి మా భాష రాదు. అడిగినదానికి జవాబు చెప్పలేకపోవడాన్నే నేరం ఒప్పుకున్నట్టుగా తీసుకున్నారు. నేను కొట్టలేదు. చాలా ఏళ్ళ పాటు నాకు నేను చెప్పుకున్న మాట అదే, నేను కొట్టలేదు. కానీ నిజం అంతటితో ఆగదు. ఒక దశలో అతను లేచి నావైపు వస్తుంటే ఎవరో "వదలొద్దు, పారిపోతాడు" అని అరిచారు. నేను రెండడుగులు పక్కకు జరిగి, నాకూ పక్కవాడికీ మధ్య ఉన్న సందు మూసేశాను. ఎవరూ నన్ను పేరు పెట్టి అడగలేదు, బలవంతం చేయలేదు. అతను బతికాడని తరువాత తెలిసింది. దారి తప్పి వచ్చిన పనివాడని కూడా తెలిసింది.

ఆ క్షణంలో నాకు కోపం లేదు, అతను దొంగ అన్న నమ్మకం కూడా పూర్తిగా లేదు. అందరి భయం నాకు తెలియకుండానే నా కాళ్ళలోకి వచ్చింది. దీన్ని ఏమంటారో తెలుసుకోవాలని ఈ చర్చ మొదటి నుంచి చదువుతున్నాను.

అక్షరదీపం రాశారు:

ఇది రాయడానికి మీకెంత కష్టమైందో ఊహించగలను. మీరు అడిగినది పేరు కాబట్టి ముందు అది చెబుతాను. మనిషి గుంపులో తన ప్రత్యేకతను కోల్పోయి, తన చేతలకు తాను జవాబుదారీ అన్న ఎరుక సన్నగిల్లడాన్ని మనస్తత్వ శాస్త్రజ్ఞుడు లియోన్ ఫెస్టింగర్, ఆయన సహచరులు 1952లోనే చర్చించారు. తెలుగులో దానికి స్థిరపడిన మాట లేదు, "వ్యక్తిత్వ విలీనం" అనుకోవచ్చు. అయితే ఇటీవలి పరిశోధకులు దీన్ని కొంచెం మార్చి చెబుతున్నారు: గుంపులో మనిషి తనను తాను కోల్పోడు, "నేను" స్థానంలో "మేము" వచ్చి కూర్చుంటుంది. ఆ "మేము" ఎలాంటిదన్న దాన్ని బట్టి నడత మారుతుంది. 2005 జూలై 7న లండన్ భూగర్భ రైళ్ళలో బాంబులు పేలినప్పుడు, చీకటి సొరంగంలో చిక్కుకున్న అపరిచితులు ఒకరి గాయాలకు ఒకరు కట్లు కట్టారు, నీళ్ళు పంచుకున్నారు. అక్కడ భయం తక్కువేమీ కాదు. ఆ భయం అందరినీ ఒకే వైపు నిలబెట్టింది. మీ వీధిలో భయం తనకొక నిందితుణ్ణి కోరుకుంది.

ఇది కొత్త సంగతి కాదు. 1349 ఫిబ్రవరిలో ఐరోపాలోని స్ట్రాస్‌బూర్గ్ నగరంలో యూదులు బావుల్లో విషం కలిపారని నిందించి వందలాది మందిని తగలబెట్టారు. అప్పటికి ప్లేగు ఆ నగరానికి రానేలేదు. రోగం కన్నా ముందు భయం చేరుకుంది. త్రాడును చూసి పామనుకునే భ్రాంతి గురించి మనవాళ్ళు ఎంతో చెప్పారు గాని, పదిమంది కలిసి పామనుకుంటే త్రాడును కూడా కొట్టి చంపుతారని ఇలాంటివి చదివినప్పుడు అనిపిస్తుంది.

పాతకాపు రాశారు:

ఒడ్డున ఒకడు గారూ, మిమ్మల్ని నిందించే అర్హత నాకు లేదు. కానీ ఒక మాట చెప్పక తప్పదు. "విలీనం" అన్న పేరు దొరికిందని బాధ్యత తగ్గినట్టు ఎవరూ అనుకోకూడదు. దెబ్బలు తిన్న మనిషికి ప్రతి చెయ్యీ ఒక చెయ్యే. "గుంపులో గోవిందా" అన్నవాడు కూడా గోవిందా అన్నట్టే లెక్క.

ఒడ్డున_ఒకడు రాశారు:

నేనూ అలా అనుకోవడం లేదండీ. తగ్గించుకోవడానికైతే ఆ రెండడుగుల సంగతి రాసేవాణ్ణి కాదు.

చిరుగంట రాశారు:

మన భారతంలో ద్రౌపదిని సభకు ఈడ్చుకు వచ్చినప్పుడు అంతమంది పెద్దలు తలలు వంచుకుని కూర్చోగా, కౌరవుల్లోనే ఒకడైన వికర్ణుడు లేచి ఇది అధర్మమన్నాడు. సభలో చాలామంది అతన్ని మెచ్చుకున్నారు కూడా. అంటే వాళ్ళందరికీ లోపల తెలుసు. కానీ కర్ణుడు లేచి వికర్ణుణ్ణి గద్దించగానే ఆ మెచ్చుకోలు అణగిపోయింది. చిన్నప్పటి నుంచి ఈ ఘట్టం నన్ను వేధిస్తూనే ఉంది. ఒక్కడు మాట్లాడితే మారుతుందంటారు, మరి ఇక్కడ ఎందుకు మారలేదు?

అక్షరదీపం రాశారు:

చాలా మంచి ప్రశ్న. 1950ల్లో మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సాలమన్ ఆష్ చేసిన గీతల ప్రయోగాల్లో, చుట్టూ ఉన్నవారంతా కూడబలుక్కుని తప్పు జవాబు చెబుతుంటే, కళ్ళెదుట ఉన్న గీత పొడవు విషయంలో కూడా దాదాపు మూడో వంతు జవాబులు గుంపు వైపే మొగ్గాయి. ఒక్క తోడు దొరికి, అతను నిజం చెబితే ఆ తప్పులు అంతకు ముందున్నవాటిలో నాలుగో వంతుకు పడిపోయాయి. ఆ తోడు సరైన జవాబే చెప్పనవసరం లేదు, గుంపుతో విభేదిస్తే చాలు, చాలామందికి నోరు విచ్చుకుంది. అయితే ఆ ప్రయోగంలో ఎవరి చేతిలోనూ అధికారం లేదు, కౌరవ సభలో ఉంది. నాకు తోచినంతవరకు, వికర్ణుడికి లోపించినది రెండో గొంతు. మెచ్చుకున్నవారిలో ఒక్కరైనా కర్ణుడి మాట తరువాత కూడా లేచి నిలబడి ఉంటే ఏమయ్యేదో అనిపిస్తుంది. మొదట మాట్లాడేవారి ధైర్యాన్ని అందరూ పొగుడుతారు, రెండోవారి సంగతి ఎవరూ తలచుకోరు.

గడియారం రాశారు:

అధికారం ఉన్న గొంతే సరైన వైపు నిలబడిన సందర్భమూ ఉంది. 1923 సెప్టెంబరు 1న జపాన్‌లో మహా భూకంపం వచ్చిన తరువాత, కొరియన్లు బావుల్లో విషం కలుపుతున్నారన్న పుకారుతో మూకలు వేలమందిని చంపాయి. త్సురుమి పోలీసు అధికారి ఒకావా త్సునెకిచి మాత్రం దాదాపు మూడు వందల మందికి తన స్టేషనులో ఆశ్రయమిచ్చి మూకకు అడ్డుగా నిలిచాడు. విషం కలిసిందన్న నీటిని అందరి ఎదుటా తాగి చూపించాడని చెబుతారు. అదే పదజాలం, అవే బావులు, స్ట్రాస్‌బూర్గ్‌కూ దానికీ మధ్య 574 ఏళ్ళు. ఇప్పుడు బావుల స్థానంలో ఫార్వర్డ్ సందేశాలు వచ్చాయి. మూకదాడుల తరువాత 2018లో మన దేశంలోనూ, 2019 జనవరిలో ప్రపంచమంతటా, ఒక సందేశాన్ని ఒకేసారి ఐదు చాట్‌లకు మించి పంపకుండా వాట్సాప్ పరిమితి పెట్టింది. వేగం తగ్గితే భయానికి ఊపిరి తగ్గుతుందన్న ఆ ఆలోచన నాకు సరైనదిగానే తోస్తోంది.

తూర్పుగాలి రాశారు:

నేను చిన్న ప్రశ్న అడిగితే చర్చ ఎంతో లోతుకు వెళ్ళింది. అందరికీ కృతజ్ఞతలు. ఇక మిగిలినది ఒకటే సందేహం. అగ్నిమాపకం గారూ, మళ్ళీ అలాంటి మందిరంలో వాసన వస్తే సరిగ్గా ఏ మాటలు అనాలి? "మంట!" అని అరిస్తే నేనే తోపులాట పుట్టించినవాణ్ణి అవుతానేమోనని ఇప్పటికీ భయంగా ఉంది. ఒకవేళ అది ఏమీ కాకపోతే నలుగురిలో నవ్వులపాలవుతానన్న భయం కూడా ఉంది, అది దాచుకోను.

అగ్నిమాపకం_విశ్రాంతం రాశారు:

ప్రమాదం సంగతి దాచితే జనం నెమ్మదిగా ఉంటారన్నది మా శాఖలో కూడా ఒకప్పుడు బలంగా ఉన్న నమ్మకం. నా అనుభవం దానికి విరుద్ధం. జనం తట్టుకోలేనిది దాపరికాన్నే. కాబట్టి చూసినదాన్ని చూసినట్టు చెప్పండి: "వైరు కాలుతున్న వాసన వస్తోంది, బయటికి వెళదాం, ఎడమవైపు మరో తలుపు ఉంది." అరవనక్కరలేదు, వినబడితే చాలు. లేచి నిలబడి చెప్పండి, ఎందుకంటే జనం మాట కన్నా ముందు మనిషి కదలికను నమ్ముతారు. "ఎవరైనా ఫోన్ చేయండి" అని మాత్రం ఎప్పుడూ అనకండి. ఎవరైనా అంటే ఎవరూ కాదు. ఒకరిని ఎంచుకుని, వేలు చూపి, "నీలం చొక్కా వేసుకున్న మీరు, ఫోన్ చేయండి" అనండి. ఆ క్షణం దాకా జనంలో ఒకడిగా ఉన్న మనిషి ఆ పిలుపుతో తిరిగి ఒక మనిషి అవుతాడు. ఇది నేను ఎన్నోసార్లు కళ్ళారా చూశాను. ఇక నవ్వులపాలు కావడం గురించి ఏం చెప్పను? ఒట్టి వాసనకే బయటికి వచ్చి నిలబడిన జనాన్ని నా ఉద్యోగ జీవితంలో ఎన్నిసార్లు చూసినా నాకు సంతోషమే కలిగింది.

ఒడ్డున_ఒకడు రాశారు:

ఆ సాయంత్రం అక్కడున్న వాళ్ళలో కనీసం పదిమందికి నా పేరు తెలుసు. పేరు కూడా అక్కరలేదు, మీరన్నట్టు చొక్కా రంగు చెప్పి పిలిచి, "ఆ సందు వదులు, అతన్ని పోనివ్వు" అని ఒక్కరు అన్నా నేను పక్కకు జరిగేవాణ్ణి. ఎదురుగా ఉన్న గళ్ళ చొక్కా మనిషికి ఆ మాట నేనైనా చెప్పి ఉండవచ్చు. అతని పేరు నాకు తెలుసు.